అక్కడక్కడా జల్లులు

జూన్ 23, సోమవారం

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. పొద్దున్నుంచి ఒక కన్ను కుడుతున్న జాకెట్ మీద, ఒక కన్ను ఫోను మీద. గాలుల మ్యాపులో అది గుండీ కాజా అంత ఉంది. దాని చుట్టూ సముద్రం మీది గాలంతా గిర్రున తిరుగుతోంది. నా దుకాణం ముందు ఆరేసిన లైనింగు గుడ్డ ఊగుతోందంటే, ఆ ఊపు అంత దూరం నుంచి వచ్చిందే. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. ఇంత పెద్ద సంగతి ఆకాశంలో జరుగుతుంటే జనం హుక్కులు ఎడమవైపా కుడివైపా అని అడుగుతారు.

బులెటిన్‌లో కోస్తాలో అక్కడక్కడా తేలికపాటి జల్లులు, ఒకటి రెండు చోట్ల మోస్తరు వాన అని ఉంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో అంత పొడుగు ఎందుకు? రైతుకి అర్థమయ్యేటట్టు చెప్పాలి. "బుధ, గురువారాల్లో వాన. పొడి దుక్కిలో పత్తి పెట్టుకునేవాళ్లు పెట్టుకోవచ్చు" అని వాయిస్ పెట్టాను. పెట్టీ పెట్టగానే దండాలు, పువ్వులు. నిరుడు కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నప్పుడు తుఫాను సంగతి ముందే చెప్పాను కదా. అప్పటి నుంచి టైలర్ యాస్మిన్ పోయి మబ్బుల యాస్మిన్ అయ్యాను.

నాకు బాగుంది. ఈ డైరీలో కాకపోతే ఇంకెక్కడ ఒప్పుకుంటాను?

జూన్ 24

సిద్దికా అక్క ఈ రోజు విత్తేసింది. సాయంత్రం దుకాణం మూసి చేనుకి వెళ్లాను. సాగర్ కాలువ పక్కన కౌలుకు తీసుకున్న చేను. కాలువకి నీళ్లు ఇప్పట్లో రావు, అంతా వాన మీదే. సుభానీ బావ సాలు తీస్తుంటే అక్క వెనకే వంగి గింజ వేసి కాలితో మట్టి కప్పుతోంది. మందు పట్టించిన గింజలు కదా, ఆమె వేళ్లన్నీ గులాబీ రంగు.

"వాన నిజంగా పడిద్దంటావా?" అని అడిగింది.

"నా మాట మీద నమ్మకం లేదా అక్కా?"

"నీ మాట మీద ఉందే. జల్లు మీదే లేదు. పొడి మట్టిలో గింజ నిద్రపోయిద్ది. గట్టి వాన పడితే లేచిద్ది. ఊరికే చిలకరించి పోయిందనుకో, వాన వచ్చిందనుకుని పిచ్చిది కళ్లు తెరిచిద్ది. పైకి రావటానికి తడి చాలదు. లోపలే మాడిపోయిద్ది. మళ్లీ విత్తటానికి మాకాడ ఇంకో సంచీ లేదు. పొలం బీడు పెట్టి కూలికి పోవటమే ఇంక."

"జల్లు కాదక్కా. వాన" అన్నాను. నవ్వాను కూడా.

జూన్ 25

మబ్బు పట్టింది. ఉక్క. చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కుతున్నాయి. గ్రూపు నిండా మబ్బుల ఫోటోలు.

జూన్ 26

రాలేదు.

జూన్ 27

అల్పపీడనం ఒడిశా వైపు వెళ్లిపోయింది. పడమటి గాలి మొదలైంది. నేను అక్కడక్కడా అనే చెప్పాను. జనం సరిగ్గా వినరు.

జూన్ 30

పడమటి గాలికి మిషను మీద గుడ్డ నిలవడం లేదు. కత్తెర బరువు పెట్టి కుడుతున్నాను. కూలి పనులకు ముఠా కట్టే చెంచమ్మ జాకెట్ కోసం వచ్చింది. పనులు లేవు, అందుకని తీరిగ్గా కూర్చుంది.

"ఏమ్మా మబ్బమ్మా, జాకెట్టు కూడా అక్కడక్కడా కుడతావా, మొత్తం కుడతావా?"

దుకాణంలో ఉన్న వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె జాకెట్‌కి చంక దగ్గర కుట్టు రెండుసార్లు తప్పు పడింది.

అక్కడక్కడా అనే చెప్పాను.

జూలై 1

అక్కకి ఫోను చేశాను. తీయలేదు. చేలో ఉండి ఉంటుంది.

జూలై 2

తీయలేదు. చేలో ఉండి ఉంటుంది. చేలో ఇప్పుడు చేసే పనేమీ లేదు, అయినా ఉండి ఉంటుంది.

జూలై 4

మధ్యాహ్నం సుడిగాలి లేచింది. మిట్ట ఎండ, మనిషి అలికిడి లేదు. బడి వైపు నుంచి దుమ్ము గిర్రున తిరుగుతూ వచ్చి, నా దుకాణం వెనక నేను పోసే గుడ్డ పేలికల కుప్ప మీద నిలబడింది. నిలబడి మొత్తం ఎత్తుకుంది. ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ, పెళ్లి జాకెట్ల జరీ ముక్కలు, స్కూలు యూనిఫారాల నీలం ముక్కలు, అన్నీ ఒక స్తంభంలా లేచి చింతచెట్టు పైదాకా వెళ్లాయి. పైకి వెళ్లి, అక్కడ కాసేపు తీరిగ్గా తిరిగాయి. నేను టేపు మెడలో వేసుకుని నోరు తెరుచుకుని చూశాను. నోట్లో దుమ్ము పడింది. అయినా మూయలేదు.

కొన్నేళ్లుగా నేను కత్తిరించి పారేసినవన్నీ ఒక్కసారి తల మీద ఎగిరాయి. అంతసేపూ అక్క గుర్తు రాలేదు. తర్వాత రోడ్డు మీద పేలికలు ఏరుకుంటుంటే గుర్తొచ్చింది.

జూలై 6, ఆదివారం

మా ఆయన అస్లాం వచ్చాడు. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పని, ఆదివారాలే ఇంట్లో ఉంటాడు. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక డాబా మీద కూర్చున్నాం. పడమటి దిక్కున నల్లమల మీద ఎక్కడో మెరుస్తోంది. చప్పుడు లేదు. మబ్బు లోపల ఎవరో దీపం వెలిగించి ఆర్పుతున్నట్టు ఉంది. వెలిగినప్పుడల్లా ఆ మబ్బుకి ఎన్ని గదులున్నాయో కనబడుతోంది.

"ఉరుము రాదేం?" అన్నాడు.

"దూరం. వెలుతురు వస్తుంది, చప్పుడు ఇక్కడిదాకా రాలేదు."

"మీ అక్కని కలిశావా?"

"ఫోను చేశాను."

"ఫోను సంగతి కాదు నేనడిగింది."

మళ్లీ మెరిసింది. చూడమని చెయ్యి చూపించాను. ఆయన మెరుపుని చూడలేదు, నన్ను చూశాడు.

జూలై 7

ఈ రోజు జరిగింది ఎవరికైనా చెబితే నమ్మరు. మసీదు పెద్ద అల్లాబక్షు తాత, రామాలయం పెద్ద శివరామకృష్ణ గారు ఇద్దరూ కలిసి దుకాణానికి వచ్చారు. కుర్చీ ఒకటే ఉంది. ఒకరిని ఒకరు కూర్చోమనడంతోనే కాసేపు గడిచింది. చివరికి ఇద్దరూ నిలబడే మాట్లాడారు.

సంగతేమిటంటే, వాన కోసం మావాళ్లు బీడులో నమాజు చేద్దామనుకున్నారు, వాళ్ల ఆడవాళ్లు కప్పతల్లిని ఊరేగిద్దామనుకున్నారు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఊరంతా అడిగినట్టు ఉంటుందని ఆలోచన. ఏ రోజన్నది నన్నడగడానికి వచ్చారు.

"దేవుణ్ణి అడిగే రోజుకి నేనెందుకు పెద్దయ్యా?" అన్నాను.

శివరామకృష్ణ గారు గొంతు తగ్గించారు. "అది కాదమ్మాయ్. అడిగేదేదో ఆ వాన వచ్చే రోజు చూసి అడిగామనుకో, ఆయనకీ సులువు, మనకీ పరువు."

అల్లాబక్షు తాత గడ్డం సర్దుకున్నాడు. "అట్టా అనమాక కిష్టయ్యా, పాపం తగిలిద్ది." అంతలోనే నా ఫోను వైపు చూశాడు. "ఊరికే చూడమ్మా. చూస్తే తప్పేముంది?"

చూశాను. ఇద్దరి వైపూ తిరిగి గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. "గురువారం మధ్యాహ్నం తర్వాత అక్కడక్కడా జల్లులు పడే అవకాశం ఉంది. అక్కడక్కడా. విన్నారా?"

"విన్నాం విన్నాం."

సాయంత్రం మైకులో శివరామకృష్ణ గారి గొంతు: "ఊరి ప్రజలకి తెలియజేయడమేమనగా, గురువారం వాన! అందరూ తప్పక రావాలి."

జూలై 10, గురువారం

వరసగా రాస్తాను.

పొద్దున బడి వెనక బీడులో నమాజు. ఆడవాళ్లం కాలువ కట్ట మీద నిలబడ్డాం. వాన నమాజుకి చొక్కా తిరగేసి వేసుకోవడం మా ఊరి ఆనవాయితీ. మా పరిస్థితిని కూడా ఇలాగే తిరగెయ్యమని అడగడం అన్నమాట. చిన్నప్పుడెప్పుడో చూశాను. అప్పటికి నేను టైలర్‌ని కాదు.

ఊళ్లో మగవాళ్ల చొక్కాలు సగానికి పైగా నేను కుట్టినవే. అవన్నీ లోపలి వైపు బయటికి పెట్టుకుని ఎండలో వరసల్లో నిలబడ్డాయి. పొట్ట పెరిగితే విప్పి వదిలిన కుట్టు, గుడ్డ చాలక వేసిన అతుకు, తెంపకుండా వదిలేసిన దారం, మూలల్లో నా బద్ధకం, అన్నీ కనబడ్డాయి. లోపల ఏముందో నాకొక్కదానికే తెలుసు అనుకునేదాన్ని. ఈ రోజు అందరూ దాన్ని ఒంటి మీద వేసుకుని ఆకాశానికి చూపించారు. ఇంతమంది ఇంత మామూలుగా తమని తాము తిరగేసుకుని! నేను దువా చదవనే లేదు, చూస్తూ ఉండిపోయాను.

సుభానీ బావ చివరి వరసలో ఉన్నాడు. వాళ్ల పెళ్లికి నేను కుట్టిన చొక్కా. భుజం దగ్గర చిరిగితే అక్క తన చేత్తో కుట్టింది. నా దగ్గరికి తేకుండా.

అక్క కట్ట మీద ఆ చివర ఉంది. ఇటు చూడలేదు.

తర్వాత చెంచమ్మ ముఠా కప్పతల్లితో బయలుదేరింది. అసలు కప్ప దొరకలేదు. ఊరంతా వెతికారు. కప్ప దొరకాలన్నా వాన పడాలి కదా! చివరికి నా దుకాణం నీళ్ల డ్రమ్ము కింద తడిలో ఒకటి కూర్చుని ఉంటే పట్టుకుపోయారు. రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో దాన్ని పెట్టి, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటి ముందుకొస్తే నేనూ చెంబుతో నీళ్లు పోశాను. అది నా డ్రమ్ము కప్పే కదా, నన్ను గుర్తుపట్టినట్టు చూసింది.

మధ్యాహ్నానికి ఈశాన్యంలో మబ్బు లేచింది. లేచింది అంటే చాలదు. పత్తి బేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతున్నట్టు పైకి, ఇంకా పైకి వెళ్లింది. కొన అక్కడ బల్లపరుపుగా విచ్చుకుంది. అడుగు నల్లగా, తల తెల్లగా. సూర్యుణ్ణి కప్పేసరికి పిట్టలు నోరు మూశాయి. చల్లగాలి ఒక్కసారి వచ్చి మొహానికి తగిలింది. ఆ వెనకే తడి మట్టి వాసన. ఊరంతా కాలువ కట్ట మీదికి పరుగెత్తింది.

వాన కాలువ అవతలి ఊరి పొలాల మీద పడుతోంది. పడడం కాదు, నిలబడింది. నేల నుంచి మబ్బు దాకా బూడిద రంగు గోడ. ఆ గోడ మా వైపు నడిచి వస్తోంది. తాటిచెట్లు ఒక్కొక్కటే అందులోకి వెళ్లిపోతున్నాయి. చప్పుడు వినబడుతోంది. పిల్లలు చేతులు చాచారు. అల్లాబక్షు తాత ఏడుస్తున్నాడు. నేను కళ్లార్పలేదు. ఇన్నేళ్లు ఫోనులో ఆకుపచ్చ మచ్చలా చూసింది ఇదా! దీన్నా నేను "వాన" అని ఒక్క ముక్కలో చెప్పింది!

అవతలి కట్టకి వచ్చి ఆగిపోయింది. నిజంగా ఆగింది. అవతలి కట్ట నల్లబడింది, ఇవతలి కట్ట తెల్లగానే ఉంది. మా మీద నాలుగు చినుకులు పడ్డాయి. జనం ఓ అని అరిచారు.

అప్పుడు చూశాను. అందరూ వాన వైపు పరుగెడుతుంటే అక్క ఒక్కతే తన చేనులోకి పరుగెడుతోంది. నేనూ వెంట పడ్డాను. చేను మధ్య నిలబడి, తల ఎత్తి, మబ్బుని తిడుతోంది.

"పడితే పూర్తిగా పడు! లేకపోతే పో! చిలకరించమాక! నా గింజల్ని లేపమాక!"

ఊరంతా అడుగుతున్న ఆ నాలుగు చినుకులే ఈ చేనుకి చావు. అక్క పక్కన నిలబడి నేనూ అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. మబ్బు మా ఇద్దరి అరుపులూ విన్నదో లేదో, పెద్ద ఉరుము ఉరిమి తూర్పుకి తిరిగిపోయింది. చేను మీద దుమ్ములో అక్కడొకటి ఇక్కడొకటి చుక్క గుంటలు. అంతే.

కట్ట మీద ఊరు మొత్తం తల పట్టుకుని కూర్చుంటే, చేలో అక్క మోకాళ్ల మీద కూర్చుని సాలు తవ్వింది. గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. గట్టిగా, పొడిగా, గులాబీ రంగు చెక్కుచెదరకుండా ఉంది.

"నిద్రపోతంది" అంది. ఇన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"అక్కా, నేను అక్కడక్కడా అనే..."

ఫోను తీసి నా పాత వాయిస్ పెట్టింది. బుధ, గురువారాల్లో వాన. పెట్టుకోవచ్చు. నా గొంతు ఎంత ధీమాగా ఉందో!

"ఏదే ఆ మాట? మింగేశావు."

ఇంక దాచడానికి ఏముంది? "నేను చెబితే వాన వచ్చిద్దని అనుకున్నానక్కా. రాను రాను అట్టాగే అనుకున్నా."

అక్క గింజని మళ్లీ పూడ్చి మట్టి కప్పింది. చెయ్యి నా భుజం మీద ఆనించి లేచింది.

జూలై 11

అవతలి ఊళ్లో చెరువులోకి నీళ్లు వచ్చాయట. శివరామకృష్ణ గారు అంటున్నారట: "దేవుడు మన అర్జీ మంజూరు చేశాడు, అడ్రసే తప్పు రాశాడు."

జూలై 12

ఇక నుంచి వాతావరణం చెప్పనని గ్రూపులో పెట్టాను. ఇక ఆకాశం చూడను. నాకొచ్చిన టైలరింగ్ పని చాలు.

జూలై 13

చంద్రుడి చుట్టూ గుడి కట్టింది. పెద్ద వెలుగు వలయం, దూరంగా, లోపల ఒక చుక్కతో సహా. నేను చూడలేదు. బట్టలు తీయడానికి డాబా ఎక్కితే కనబడింది. బట్టలు తీయడం అయ్యాక కూడా చాలాసేపు కనబడింది.

జూలై 16

బులెటిన్‌లో ఈ రోజు పొడి వాతావరణం. నేను చూడడం మానేశాను కాబట్టి ఊరికే ఒకసారి చూశాను.

మధ్యాహ్నం చెంచమ్మకి కొలతలు తీస్తున్నాను. వీధిలో ఎండ. ఫోను మోగింది. గ్రూపులో వాయిస్, పంపింది సిద్దికా అక్క. అక్క గ్రూపులో ఎప్పుడూ మాట్లాడదు. నొక్కాను.

మాట లేదు. గరగరమని చప్పుడు. ఫోను పాడైందనుకున్నాను. మళ్లీ పెట్టాను. చెంచమ్మ చెవి దగ్గరగా పెట్టింది. అప్పుడు తెలిసింది. చేలో గట్టు మీద మందు కలిపే ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించి ఉంటుంది. దాని మీద వాన! చినుకు చినుకూ విడివిడిగా కాదు, అంతా కలిసి ఒకటే మోత. ఆ మోత వెనక అక్క ఊపిరి.

ఇద్దరం వీధిలోకి వచ్చాం. ఎండ అలాగే ఉంది. పక్కింటావిడ వడియాలు ఎండబెడుతోంది. నేను ఆకాశం వైపు చూసే లోపలే వీధి ఆ చివర రేకుల షెడ్డు మోగింది. తర్వాత దాని పక్కది. తర్వాత రేషన్ కొట్టు. ఒక్కో కప్పూ మోగుతూ వాన నడిచి వస్తోంది. ఎండలోంచే, మెరుస్తూ. నా రేకుల మీదికి వచ్చింది, నా మీదికి వచ్చింది. నాకు తెలిసిన లెక్కలేవీ దీన్ని చెప్పలేదు. చెప్పకపోవడమే ఎంత బాగుందో!

చెంచమ్మ నా టేపు మెడలో వేసుకునే చిందులేసింది. వడియాలు పోతే పోయాయి, ఎవరూ తీయలేదు.

తడుస్తూనే చేనుకి పరుగెత్తాను. వాన తగ్గలేదు. సాలుల్లో నీళ్లు నిలిచి, ఇంకి, మళ్లీ నిలిచాయి. అక్క మట్టిలో వేలు గుచ్చింది. వేలంతా దిగింది. పిడికిలి పెట్టి తవ్వి చూసింది. ఇంకా లోపల కూడా నల్లగా, ముద్దగా ఉంది.

"దిగిందే. గింజ దాకా దిగింది" అంది. జుట్టు మొహానికి అతుక్కుని, పళ్లు కటకటలాడుతూ నవ్వింది.

"నాకెందుకు పంపావక్కా, మాట కూడా లేకుండా?"

"మాట చెబితే నమ్ముతారా ఇప్పుడు? చప్పుడు పంపా."

జూలై 22

మొలిచాయి.

పొద్దున్నే అక్క పిలిస్తే వెళ్లాను. ఒక్కో మొలకా మెడ వంచుకుని, మట్టి పెళ్లని నెత్తిన ఎత్తుకుని వస్తోంది. కొన్నిటి తల మీద గింజ తొక్క ఇంకా టోపీలా ఉంది, గులాబీ రంగు పోలేదు. అంత మెత్తనిది అంత పెళ్లని ఎలా లేపిందో! వంగి ఊదబోయి ఆగాను. నా ఊపిరి కూడా ఎక్కువేమో అనిపించింది.

అన్నీ మొలవలేదు. కొన్ని చీమలు తిన్నాయి, కొన్ని వేడికి పోయాయి. సాలులో కొంత మేర పచ్చగా, కొంత మేర ఖాళీగా ఉంది. అక్క ఆ ఖాళీలు చూపించింది.

"ఇదిగో. అక్కడక్కడా అంటే ఇది. బాగా చూడు."

చూశాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఖాళీల్లో పెట్టడానికి అక్క సంచీ అడుగున మిగిలిన దోసెడు గింజలు కొంగున కట్టుకొచ్చింది. పొలం నిలబడింది, మిగతాది పూడ్చుకుంటానంది. ఇద్దరం చెరో సాలు పట్టుకున్నాం. సగంలో నడుము ఎత్తి అడిగింది.

"రేపేందే?"

"తెలీదక్కా. నేను మానేశాను కదా."

"మానేసినదానివి పొద్దున్నించి ఫోను ఎందుకు చూస్తన్నావు? ఏమంటంది?"

"అక్కడక్కడా జల్లులంటోంది."

"మరి చెప్పు. జనం అడుగుతున్నారు."

గులాబీ వేళ్లతోనే ఫోను పట్టుకున్నాను. "రేపు మన మండలంలో అక్కడక్కడా జల్లులు పడొచ్చు. మన ఊళ్లో పడొచ్చు, పడకపోవచ్చు. నాకు తెలిసింది ఇంతే" అన్నాను. వేలు తీసేలోపల అక్క ఫోను దగ్గరికి వంగి అరిచింది.

"ఈసారి ఏమీ మింగలేదర్రా, మొత్తం చెప్పింది!"

అది కూడా గ్రూపులోకి వెళ్లిపోయింది. తీసేయలేదు, ఉండనిచ్చాను.